రోజుకు రెండు మిస్డ్ కాల్స్

జూన్ 4

పిచ్చుకకు,

నేను దిగాను. నా పెట్టె కూడా దిగింది. ఇద్దరం బాగున్నాం.

ఇంత చిన్న కబురుకి ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకంటావా? ఆ ఫోన్‌ను మొన్న నువ్వే చంపేశావు కనుక. కుక్కర్ రబ్బరు ఎక్కడ పెట్టావని అడగడానికి పరాయి దేశానికి ఫోన్ చేసిన మనిషి లోకంలో నువ్వొక్కదానివే అయ్యుంటావు. నేనూ తక్కువదాన్నేం కాదు. రెండో అరలో గిన్నెల వెనక ఉందని ఒక్క ముక్కలో చెప్పి పెట్టెయ్యక, విమానంలో పక్క సీటాయన గురక దగ్గర్నుంచి ఇక్కడి బాత్‌రూమ్ కుళాయి ఎటు తిప్పాలో తెలియక నేను పడ్డ అవస్థ దాకా ఏకరువు పెట్టాను. తీరా చూస్తే, మరిది మూడు నెలలకని వేయించిన బ్యాలెన్స్‌లో అడుగూబొడుగూ మిగిలింది. దేశం దాటాక ఫోన్ చేసినవాళ్ళకే కాదు, ఎత్తినవాళ్ళకూ పడుతుందట. ఈ సంగతి మనకి ఎవరూ చెప్పలేదు. మళ్ళీ రీఛార్జ్ చేయించొద్దు, అదీ ఇలాగే నీళ్ళలా పోతుంది. మెసేజ్‌కీ డబ్బే, పైగా మన అక్షరాలు ఈ బటన్ల ఫోన్లో గళ్ళు గళ్ళుగా కనిపిస్తాయి.

కాబట్టి గుమ్మంలో నిలబడి మనం అనుకున్నదే ఇక చట్టం. మీ సాయంత్రం ఆరింటికి, అంటే నా మధ్యాహ్నం భోజనం వేళకి, మిస్డ్ కాల్ ఇస్తాను. ఒకటి వస్తే క్షేమం. నువ్వు ఉత్తరంలో ఏదైనా అడిగి ఉంటే, రెండు వస్తే అవును, మూడు వస్తే కాదు. నువ్వు చేస్తే మాత్రం నేను ఎత్తను. ఎన్నిసార్లు చేసినా ఎత్తను.

పని బాగుంది. గ్రంథాలయం నేలమాళిగలో గొట్టం పగిలి నాలుగు వేల పుస్తకాలు తడిసిపోయాయి. చేత్తో కుట్టేవాళ్ళు దొరక్క ఎక్కడెక్కడినుంచో పిలిపించారు, మొత్తం పన్నెండు మందిమి. పొడవాటి బల్లలు, నాలుగు మూలలా ఫ్యాన్లు, పేజీకీ పేజీకీ మధ్య బ్లాటింగ్ కాగితం. పక్క బల్లామెకీ నాకూ ఒక్క మాట కూడా కలవదు. సూదిలో దారం ఎక్కనప్పుడు ఇద్దరం విసుక్కునే తీరు మాత్రం ఒకటే.

గేటు దగ్గర కాపలా పెద్దాయన ఒకరున్నారు. నా ఫోన్ గోల విని, ఇక్కడి సిమ్ వేసుకో, చవక అని వచ్చీరాని భాషలో చెప్పి, వెనక మూత ఊడదీసి చూపించబోయారు. చేతిలోంచి లాక్కున్నాను. ఈ నంబర్ పీకేస్తే మీరు నన్నెక్కడని వెతుక్కుంటారు?

నీ అక్క


జూన్ 12

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. ముందు మీ మరిది చదివి నవ్వారు, తర్వాత నేను చదివి ఏడ్చాను, ఆ తర్వాత ఇద్దరం కలిసి రెండో అర మొత్తం కిందికి దించాం. అక్కడ రబ్బరు లేదు. కొత్తది కొన్నాం. నీ మిస్డ్ కాల్ రోజూ ఠంచనుగా ఆరింటికి వస్తోంది. అది మోగేదాకా నేను స్టవ్ దగ్గరికి వెళ్ళడం లేదు, మీ మరిదికి టీ ఆలస్యమవుతోంది, నీ మీద కోపంగా ఉన్నారు. ఉత్తినే అన్నాలే.

కింద నీ షాపు నేను రోజూ పొద్దున ఒక గంట తెరుస్తున్నాను, కుట్టి పెట్టినవి తీసుకెళ్ళేవాళ్ళ కోసం. నువ్వు చెప్పినట్టు జిగురు గిన్నె కడిగి బోర్లించాను.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చుని చదువు.

మొన్న కళ్ళజోళ్ళాయన రోడ్డు దాటి మన షాపులోకొచ్చారు. చేతిలో అదే నిఘంటువు. రెండేళ్ళలో నువ్వు నాలుగుసార్లు బైండు చేసి ఇచ్చావే, అది. మళ్ళీ ఊడిందట. "అక్క లేదండీ, ఇంకా రెండున్నర నెలలు ఆగాలి" అన్నాను. "తెలుసమ్మా" అన్నారు. తెలిసీ వెళ్ళరే. బల్ల మీద అట్టముక్కలు చిన్నవీ పెద్దవీ కలిసిపోయి ఉంటే అన్నీ వరసలో సర్దారు. సర్దడం అయిపోయాక ఇంక చేతులకు పని లేక చెప్పేశారు.

"మీ అక్కగారి బల్ల దగ్గర లైటు వెలక్కపోతే నాకు పనిలో చెయ్యి ఆడటం లేదమ్మా. ఇన్నేళ్ళూ ఎదురుగా ఉండి తెలుసుకోలేకపోయాను. ఆవిడకిష్టమైతే పెళ్ళి చేసుకుందామని ఉంది. మీరొక మాట అడిగిపెట్టాలి."

ఆయన సర్దిన అట్టముక్కలే నేను మళ్ళీ మొదట్నుంచీ సర్దాను.

ఇంకోటి కూడా చెప్పారు. ఆయన షాపు అద్దె ఒప్పందం ఈ నెల ముప్పయ్యితో అయిపోతుంది. భార్య పోయిన ఏడేళ్ళనుంచీ వాళ్ళన్నయ్య తన ఊరు వచ్చెయ్యమని పోరుతూనే ఉన్నారట. నువ్వు కాదంటే వెళ్ళిపోతారు. "ఎదురుగా ఉండి ఆవిడను ఇబ్బంది పెట్టడం బాగుండదమ్మా" అన్నారు.

నేనేమీ సలహా చెప్పను. ఆయన మంచివారని కూడా చెప్పను. రాయడానికి సిగ్గనిపిస్తే రాయకు, మన చట్టం ఉండనే ఉంది. అవునంటే రెండు, కాదంటే మూడు. ముప్పయ్యో తారీఖు లోపల.

నీ పిచ్చుక

మీ మరిది ఒకటి రాయమంటున్నారు: ఆ నిఘంటువు అట్ట ఆయన తన షాపులో కూర్చుని బ్లేడుతో కోసుకోవడం ఈయన కళ్ళారా చూశారట.


జూన్ 18

పిచ్చుకా,

నీ నుంచి ఇంకా జాబు లేదు. రబ్బరు దొరికిందనే అనుకుంటున్నాను.

ఇది చట్టంలో చిన్న మార్పు కోసం రాస్తున్నాను, శ్రద్ధగా చదువు. రెండు రోజులుగా మిస్డ్ కాల్ ఇస్తుంటే మోగినట్టే మోగి, కాల్ వెళ్ళలేదని ఫోన్ మీద వస్తోంది. గోడలు మందం, పైగా మేం ఉండేది నేల కింద. ఒక్కటే ఇస్తే అది చేరిందో లేదో తెలియక నువ్వు ఇల్లు పీకి పందిరేస్తావు. అందుకని రేపట్నుంచి క్షేమానికి రోజూ రెండు ఇస్తాను, ఒకటి పోయినా ఒకటి అందుతుంది. దాంతోపాటు మిగతావీ జరుగుతాయి. మూడు వస్తే అవును, నాలుగు వస్తే కాదు. గోడ మీద రాసి పెట్టుకో.

ఇక్కడి పోస్టాఫీసులో రెండు రకాల స్టాంపులున్నాయి. మొదటి ఉత్తరానికి తెలియక ఖరీదైనది వేశాను. చవకదానితో అయితే కాస్త ఆలస్యమవుతుందన్నారు. ఎంత ఆలస్యమైనా ఒకటి రెండు రోజులేగా. ఇందులో కొంపలు మునిగే సంగతేమీ లేదు కనుక ఈసారి చవకదే అంటిస్తున్నాను.

పక్క బల్లామె నా కుట్టు చూసి తన పుస్తకం విప్పేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రోజంతా నేను కాస్త నిటారుగా నడిచాను.

నీ అక్క


జూన్ 21

పిచ్చుకా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. కూర్చుని చదవమన్నావు. నిలబడి చదివి, తర్వాత కూర్చున్నాను.

నేను బైండు చేసిన పుస్తకం ఆరు నెలలకోసారి ఊడుతుందా చెప్పు. అట్ట మీద బ్లేడు గాటు తెలియనంత గుడ్డిదాన్నా? మరిది ఇప్పుడు చూశాడు, నేను రెండోసారికే చూశాను. చూసి ఏమీ అనలేదు. మూడోసారి కుట్టేటప్పుడు మామూలు దారం బదులు మంచి నార దారం వేశాను. ఎందుకు వేశానో నన్ను నేను అడగలేదు.

అమ్మానాన్నా పోయినప్పుడు నీకు పదకొండేళ్ళు, నాకు ఇరవై. అప్పట్నుంచీ నన్ను ఎవరైనా అడిగితే ఎంతవుతుందని అడుగుతారు, లేదా ఎప్పటికిస్తారని అడుగుతారు. నీకేం కావాలని అడిగినవాళ్ళు లేరు, నేనూ అలవాటు పడిపోయాను. నలభై ఆరేళ్ళకి ఒకరు అడిగితే జవాబు చెప్పడం చేతకావడం లేదు. నవ్వకు. మీ ఇద్దరినీ చూస్తూ బతకడం నాకు వచ్చు. ఇది వస్తుందో రాదో తెలియదు. వచ్చి, తర్వాత పోతే తట్టుకోగలనా అని భయం. ఉన్నమాట చెబుతున్నాను.

నాకు కొన్నాళ్ళు కావాలి. ఆయనకు ఇప్పుడే ఏమీ చెప్పకు. నెలాఖరులోపు అవునంటే మూడు, కాదంటే నాలుగు ఇస్తాను. అందాకా రోజూ రెండు వస్తుంటాయి, అది క్షేమమని మాత్రమే. పద్దెనిమిదో తారీఖు ఉత్తరంలో వివరంగా రాశాను కదా, ఈపాటికి అందే ఉంటుంది. దీనికి మాత్రం ఖరీదైన స్టాంపే వేస్తున్నాను.

నీ అక్క


జూన్ 25

మా బంగారు అక్కా,

పంతొమ్మిదో తారీఖు సాయంత్రం ఒకటి మోగింది. ఊపిరి బిగబట్టాను. రెండోది మోగింది. ఊపిరి వదల్లేదు, మూడోది వస్తుందేమోనని. ఐదు నిమిషాలు చూశాం. రాలేదు. మీ మరిది "అవునంది" అన్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటాను.

ఆయన ఎవరికో కళ్ళు పరీక్ష చేస్తున్నారు. నా మొహం చూసి, గోడ మీద అక్షరాల వరసలు చదువుతున్న ఆ పెద్దావిణ్ణి అలాగే వదిలేసి లేచొచ్చారు. "రెండండీ" అన్నాను. ఆయన నమ్మలేదు. "పొరపాటున నొక్కుంటారేమోనమ్మా, రేపు కూడా చూద్దాం" అన్నారు. మర్నాడూ రెండే. ఆ మర్నాడూ రెండే. అడిగింది ఒక్కసారి, నువ్వు రోజూ అవునంటున్నావు. మా అక్కకి ఇంత మొహమాటం లేని మనసుందని నాకిన్నాళ్ళూ తెలియదే.

ఇప్పుడు రోజూ ఆరింటికి పది నిమిషాల ముందే ఆయన షాపు వదిలేసి వచ్చి మన మెట్ల మీద కూర్చుంటున్నారు. ఫోన్ మధ్యలో పెడతాం. రెండూ పడ్డాక లేచి, "సరేనమ్మా" అని వెళ్ళిపోతారు. మాట్లాడరు. వెళ్ళేటప్పుడు రోడ్డు అటూ ఇటూ చూడకుండా దాటుతారు, అదొక్కటే నాకు భయం.

నిన్న అద్దె ఒప్పందం మీద మూడేళ్ళకు సంతకం పెట్టేశారు. అన్నగారికి రానని చెప్పేశారు. మీ మరిది నీ షాపుకి సున్నం వేయిస్తానని అప్పుడే సామాను పక్కకి జరుపుతున్నారు. వీధిలో అందరికీ తెలిసిపోయింది. నేను చెప్పలేదు. ఇస్త్రీ ఆవిడకి ఒక్కదానికే చెప్పాను.

ఇల్లంతా నవ్వుతో నిండిపోయి ఉంది అక్కా.

నీ పిచ్చుక


జూన్ 30

అక్కా,

నీ ఇరవై ఒకటో తారీఖు ఉత్తరం నిన్న అందింది. నువ్వు చెప్పిన పద్దెనిమిదో తారీఖు ఉత్తరం ఇప్పటికీ అందలేదు. రెండంటే క్షేమమని నాకెలా తెలుస్తుంది? ఏ ఓడెక్కించావో దాన్ని? నీకు పదకొండుసార్లు ఫోన్ చేశాను. పదకొండుసార్లూ కట్ చేశావు. నీ చట్టం తగలెయ్య.

ఇరవై ఐదో తారీఖున నేను రాసింది నీకు అందేసరికి నువ్వు ఏమైపోతావోనని నిన్న నాకు అన్నం సయించలేదు. నా తొందర వల్ల నిన్ను ఇరుకున పెట్టాను. నువ్వు నాకు ఫీజులు కట్టి, జడలు వేసి, పెళ్ళి చేశావు. నిన్ను ఒక్క ప్రశ్న అడగాల్సి వస్తే అదీ సరిగ్గా అడగలేకపోయాను.

పొద్దున వెళ్ళి ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. నీ భయం సంగతి చెప్పలేదు, అది నీది. రెండంటే అవును కాదు, క్షేమమని, అవునైతే మూడు వస్తాయని మాత్రం చెప్పాను. ఆయన తన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నేను ఏడుస్తున్నానని నాకు మంచినీళ్ళు ఇచ్చారు. "ఇందులో మీ తప్పేముందమ్మా. సంతకం పెట్టింది నేను, ఆవిడ కాదు. షాపు ఇక్కడే ఉంటుంది. ఆవిడను తొందరపెట్టకండి, అసలేమీ అడక్కండి" అన్నారు.

ఇంక రారనుకున్నాను. సాయంత్రం ఆరింటికి పది నిమిషాల ముందు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. "ఇంక అవసరం లేదు కదండీ" అని మీ మరిది నసిగితే, "క్షేమమని తెలుస్తుంది కదా" అన్నారు.

ఒకటి మోగింది. రెండు మోగాయి. ఈరోజు ముప్పయ్యి, మూడు వస్తే అవునని నువ్వు రాసిన సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరం పైకి అనలేదు. రోజూ రెండు పడగానే లేచే మనిషి ఇవాళ అలాగే కూర్చున్నారు. వీధి దీపాలు వెలిగాక లేచి "సరేనమ్మా" అన్నారు.

నీకేది ఇష్టమైతే అదే అక్కా. కాదన్నా నేను ఆయనకు చెప్పుకోగలను. నువ్వు మాత్రం భయంతో చెప్పకు.

నీ పిచ్చుక


జూలై 4

పిచ్చుకా,

నిన్న మధ్యాహ్నం నీ ఇరవై ఐదో తారీఖు ఉత్తరం అందింది. చదువుతూ ఎంత గట్టిగా నవ్వానంటే ఫ్యాన్ల చప్పుడులో కూడా పన్నెండు బల్లలకీ వినపడింది. పక్క బల్లామె ఎందుకో తెలియకుండానే తనూ నవ్వింది. తర్వాత ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం మెట్ల కింద నిలబడి మూడు ఇద్దామని మొదలుపెట్టాను. ఒకటి ఇచ్చాను. రెండు ఇచ్చాను. మూడోదానికి వేలు బటన్ మీద పెట్టి అక్కడే ఆగిపోయాను. కాదనడానికి కాదు. ధైర్యం చాలక. ఆ తర్వాత మూడు రోజులూ నేను చేసిన పని నీకు చెబితే తిడతావు. సూది పట్టుకున్నప్పుడల్లా ఎదురు షాపులో అద్దాలు పెట్టెల్లోకి సర్దేస్తున్నట్టు, బోర్డు దింపేస్తున్నట్టు కనిపించేది. ఒక పుస్తకానికి కాగితాల కట్టలు తలకిందులుగా కుట్టాను. పాతికేళ్ళలో అలా కుట్టడం అదే మొదలు.

అలాంటిది నీ ఉత్తరం విప్పితే, ఆయన మూడేళ్ళకు సంతకం పెట్టి మన మెట్ల మీద కూర్చున్నారట. నాకు కోపం రావాలి. నన్నడక్కుండా వీధంతా చాటావు. వెతికి చూసుకున్నాను, ఎక్కడా కోపం లేదు.

నిన్న ఉత్తరం మడిచి జాకెట్లో పెట్టుకుని, మెట్లెక్కి ఆరుబయటికి వచ్చి, రెండు ఇచ్చాను. మీ దగ్గర పాత చట్టమే నడుస్తోంది కనుక, ఆ రెండూ అవునే. ఇన్నాళ్ళూ తెలియక ఇచ్చాను, నిన్న తెలిసి ఇచ్చాను. ఆయన మెట్ల మీదే ఉండి విన్నారనుకుంటాను.

అన్నట్టు, ఇరవై తొమ్మిదిన పదకొండుసార్లు చేశావేమిటి? పదకొండంటే మన చట్టంలో ఏమీ లేదు. మళ్ళీ కుక్కర్ సంగతే అయ్యుంటుందని ఎత్తలేదు.

నీ అక్క


జూలై 9

పిచ్చుకా,

నిన్న నీ ముప్పయ్యో తారీఖు ఉత్తరం వచ్చింది. పదకొండు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

నా ఇరవై ఒకటో తారీఖు ఉత్తరం మీకు అందేసి ఉంటుందన్న సంగతి ఆ సంతోషంలో నాకు తట్టనే లేదు. మూడో తారీఖున ప్రాణమంతా కూడదీసుకుని నేనిచ్చిన రెండూ మీకు వట్టి క్షేమమే. ఆయన "సరేనమ్మా" అని లేచి వెళ్ళిపోయే ఉంటారు. ముప్పయ్యిన ఆయన వీధి దీపాలు వెలిగేదాకా ఎదురుచూసిన ఆ మూడోది, ఆ వేళ నా వేలి కిందే ఉంది. అది చదివాక ఇంక కూర్చోలేకపోయాను. మిస్డ్ కాల్స్ లెక్క మీద నమ్మకం పోయింది, మరో ఉత్తరం రాసి ఎనిమిది రోజులు ఆగడం నా వల్ల కాదనిపించింది.

తిన్నగా కాపలా పెద్దాయన దగ్గరికి వెళ్ళి, ఆ సిమ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాను. ఆయన ఏమీ అడగలేదు. సొరుగులోంచి తన పాత ఫోన్ ఒకటి తీసి తుడిచి నా చేతిలో పెట్టి, టీ వేళకి మూల మీది ఫోన్ల కొట్టుకి తీసుకెళ్ళారు. పాస్‌పోర్టు చూపించడం, ఒక సంతకం, అంతే. ముప్పయ్యి రోజులకు వేశారు. మన దేశానికి గంటసేపు మాట్లాడినా ఇక్కడ బస్సు టికెట్టంత కాదట. మన నంబర్ ఎక్కడికీ పోలేదు, మన ఫోన్లో అదలాగే ఉంది, ఇక్కడి సిమ్ పెద్దాయన ఫోన్లో ఉంది. రెండూ రెండు చేతుల్లో పట్టుకుని నెల రోజులుగా నేను చేసిన ఘనకార్యం తలుచుకున్నాను. పెద్దాయన నా మొహం చూసి నవ్వాపుకున్నారు. "మొదటి రోజే చెప్పాను" అన్నారు.

మొదటి ఫోన్ నీకు కాదు. నొచ్చుకోకు. ఆయన షాపు నంబర్ నా కళ్ళజోడు పెట్టె మూత మీద అచ్చేసి ఉంది. మీకప్పుడు ఏడున్నర. పరాయి నంబర్ చూసి "కట్టేస్తున్నామండీ, రేపు రండి" అన్నారు.

"నేను" అన్నాను.

కుర్చీ జరిగిన చప్పుడైంది. కూర్చున్నారో లేచారో తెలియదు. "కళ్ళజోడు సరిగ్గా ఆనుతోందా?" అన్నారు. ఆనుతోందన్నాను. "అక్కడ వెలుతురు చాలుతోందా?" అన్నారు. చాలుతోందన్నాను. ఇలాగే ముక్కు గురించీ చెవుల గురించీ అడుగుతూ పోతే తెల్లారిపోతుందని నేనే అందుకున్నాను.

"మా చెల్లెల్ని ఒకటి అడిగారట."

"అడిగానండీ. తప్పయితే..."

"అది నన్నడగండి" అన్నాను.

అడిగారు. గొంతు సర్దుకుని, పూర్తి మాటల్లో, ఒక్క అక్షరం మింగకుండా అడిగారు. ఏమడిగారో నీకు రాయను, అది నాది. ఇన్నేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదు పిచ్చుకా. ఫోన్ల కొట్టు ముందు, వచ్చేపోయేవాళ్ళ మధ్య నిలబడి ఏడ్చాను. బాగుండి ఏడ్చాను.

నీకు రేపు ఫోన్ చేస్తాను, ఈ కాగితం అందేలోపు వంద సంగతులు మాట్లాడేసుకుని ఉంటాం. అయినా నా పని కాగితంతో కనుక, ఇది కాగితం మీద ఉంటేనే నాకు తృప్తి.

ఆయనకు అవునని చెప్పాను. లైను బాగాలేదు, మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. ఇంకోసారి అన్నారు. కొట్టువాడు కూడా తలెత్తి చూసేంత గట్టిగా ఇంకోసారి చెప్పాను.

మొదటిసారే వినపడిందట.

నీ అక్క